ఎస్టాపై వచ్చి గడువు దాటాక పెళ్లి: గ్రీన్‌కార్డు దరఖాస్తుపై పాఠకుల ప్రశ్నలు

వీసా లేకుండా 90 రోజులపాటు అమెరికాలో పర్యటించే వీలు కల్పించే వీసా మినహాయింపు పథకంలో, అంటే ఎస్టా అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతితో వచ్చే పథకంలో, భారతదేశం లేదు. కనుక భారత పాస్‌పోర్టు ఉన్న పాఠకులకు ఈ నెల జవాబులు చాలావరకు నేరుగా వర్తించవు. అయితే బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ వంటి దేశాల పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబాల నుంచి ఇంచుమించు ఒకే సమస్యపై వరుసగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మూడింటికి, వాటితో పోల్చి చూడదగిన మరో ఉత్తరానికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను.

ప్రశ్న: మాది తెనాలి. నా చిన్నప్పుడే మా అమ్మానాన్నలు బ్రిటన్‌లోని లెస్టర్‌కు వెళ్లి స్థిరపడ్డారు. నాకు బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది. అక్క పురిటికి సాయంగా 2024 జూన్‌లో ఎస్టా తీసుకుని న్యూజెర్సీ వచ్చాను. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి చాలాకాలం ఆస్పత్రిలోనే ఉండటంతో తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుంటూ గడువు దాటిపోయాను. ఆ తర్వాత ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగబ్బాయితో పరిచయమై, 2025 మే నెలలో బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి ఆలయంలో పెళ్లి చేసుకున్నాను. మధ్యలో మూడు నెలలు ఒక స్వీట్ల దుకాణంలో చేతికి డబ్బు తీసుకుని పనిచేశాను. ఎస్టాపై వచ్చినవారు లండన్ వెళ్లి దరఖాస్తు చేసుకోవాల్సిందేనని కొందరు, సిటిజన్‌ను పెళ్లాడితే ఇక ఏ భయమూ లేదని కొందరు చెబుతున్నారు. ఏది నిజం? మా అమ్మమ్మకు ఒంట్లో బాగా లేదు. తెనాలి వెళ్లి నెల రోజుల్లో తిరిగి రావచ్చా?

జవాబు: మిగిలినదంతా మీ చివరి ప్రశ్న మీదే ఆధారపడి ఉంది కనుక ముందు దానికే జవాబు చెబుతాను. గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా మీరు అమెరికా సరిహద్దు దాటవద్దు. మంచాన ఉన్న అమ్మమ్మగారిని చూడాలని తపిస్తున్న మనుమరాలికి ఈ మాట రాయడానికి నాకు మనసొప్పడం లేదు. అయినా దీన్ని మెత్తగా చెబితే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

మీ 90 రోజుల గడువు 2024 సెప్టెంబరులో తీరిపోయింది. ఆ మరునాటి నుంచి, సరైన దరఖాస్తు దాఖలయ్యే రోజు దాకా గడిచే కాలాన్ని చట్టం అక్రమ నివాసంగా లెక్కిస్తుంది. ఈ లెక్క 180 రోజులు దాటి ఏడాదిలోపు ఉండగా దేశం విడిచి వెళ్తే 3 ఏళ్లు, ఏడాది గానీ అంతకు మించి గానీ ఉన్నాక వెళ్తే 10 ఏళ్లు తిరిగి అడుగుపెట్టనివ్వరు. మీరు ఏడాది దాటారు. ఈ నిషేధం ఇక్కడ ఉన్నంతకాలం మీ మీద పడదు, దేశం దాటి వెళ్లడంతోనే పడుతుంది. తెనాలికి నెల రోజులని బయలుదేరితే, భర్త ఒక ఖండంలో, మీరు ఒక ఖండంలో ఏళ్ల తరబడి మిగిలిపోయే ప్రమాదం ఉంది. అమెరికా పౌరుడైన భర్తకు తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపిస్తే ఆ నిషేధాన్ని సడలించే ఐ-601 అనే దరఖాస్తు ఉన్నది నిజమే. కానీ ఎడబాటు వల్ల ఎవరికైనా కలిగే సాధారణమైన బాధ దానికి చాలదు. దాన్ని నమ్ముకుని విమానం ఎక్కవద్దు.

గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉండగా ప్రయాణానికి ఇచ్చే అడ్వాన్స్ పెరోల్ గురించి కూడా మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. 2012లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఒక తీర్పులో, ముందుగా పెరోల్ అనుమతి తీసుకుని వెళ్లి రావడం ఆ 10 ఏళ్ల నిషేధాన్ని తెచ్చిపెట్టే నిష్క్రమణ కాదని తేల్చింది. ఆ తీర్పును న్యాయవాదులు అర్రబల్లి–యర్రబెల్లి తీర్పు అంటారు. భారతదేశం నుంచి వెళ్లిన దంపతుల కేసది, ఇంటిపేర్లు వింటేనే మనవాళ్లని తెలుస్తుంది. ఆ దంపతుల పోరాటం వల్ల ఎందరో తల్లిదండ్రుల ఆఖరి చూపుకు నోచుకున్నారు. అయినప్పటికీ ఎస్టాపై వచ్చి గడువు దాటిన వారిని ఆ పత్రం పట్టుకుని ప్రయాణించమని నేను చెప్పను. పెరోల్ పత్రం ఉన్నంత మాత్రాన విమానాశ్రయంలో అధికారి లోపలికి రానిచ్చి తీరాలన్న నియమం లేదు. అంత అవసరమే వస్తే, మీ పత్రాలన్నీ చదివిన న్యాయవాది రాతపూర్వకంగా ఇచ్చిన సలహాతో మాత్రమే ఆ ఆలోచన చేయాలి.

ఇక మీరు విన్న రెండు మాటల సంగతి. రెండింటిలోనూ సగం నిజమే ఉంది, ఆ సగం నిజమే మనుషులను తప్పుదారి పట్టిస్తోంది.

వీసా మినహాయింపు పథకం కింద వచ్చినవారు ఇక్కడి నుంచే గ్రీన్‌కార్డుకు మారడానికి వీల్లేదన్నది సాధారణ నియమం. అయితే అదే నియమంలో ఒక మినహాయింపు ఉంది. అమెరికా పౌరుల తక్షణ బంధువులకు, అంటే పౌరుల భార్యకు లేదా భర్తకు, పెళ్లి కాని 21 ఏళ్లలోపు పిల్లలకు, 21 ఏళ్లు నిండిన పౌరుల తల్లిదండ్రులకు ఆ అడ్డు వర్తించదు. గడువు దాటడం, అనుమతి లేకుండా పనిచేయడం అనే రెండు తప్పులు కూడా వీరి దరఖాస్తుకు చట్టపరమైన అడ్డంకి కావు. మీ భర్త అమెరికా పౌరుడు కనుక మీరు ఇక్కడి నుంచే దరఖాస్తు చేసుకోవడానికి అర్హులు. పైగా లండన్ సలహా పాటిస్తే 10 ఏళ్ల నిషేధాన్ని మీరే కొని తెచ్చుకున్నట్టవుతుంది. గడువు దాటి 180 రోజులు కాకముందే అడిగి ఉంటే, లండన్ దారి కూడా మీకు తెరిచే ఉండేది.

అయితే ఏ భయమూ లేదన్న మాటను కూడా నమ్మవద్దు. మీరు ఎస్టా దరఖాస్తు నింపినప్పుడు చివర్లో హక్కులు వదులుకుంటున్నట్టు ఒప్పుకునే ఒక భాగం వచ్చింది. ఎయిర్‌పోర్టుకు బయలుదేరే హడావుడిలో ఫోన్‌లో టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోయి ఉంటారు, దాదాపు అందరూ అలాగే చేస్తారు. ప్రవేశాన్ని నిరాకరిస్తే అప్పీలు చేయననీ, దేశం నుంచి పంపివేయాలని నిర్ణయిస్తే ఆశ్రయం కోరడం తప్ప మరే ప్రాతిపదికపైనా దాన్ని ఎదిరించననీ ఆ టిక్కుతో మీరు అంగీకరించారు. దాని అర్థం ఇప్పుడు మీకు తెలియాలి. బీ-2 సందర్శక వీసాపై వచ్చి గడువు దాటిన మనిషిని పంపివేయాలంటే ముందు ఇమ్మిగ్రేషన్ జడ్జి ఎదుట నిలబెట్టాలి, ఆ జడ్జి ముందు ఆ మనిషి తన గ్రీన్‌కార్డు దరఖాస్తును మళ్లీ పెట్టుకోవచ్చు. మీకు ఆ రెండో అవకాశం లేదు. మీ దరఖాస్తు తిరస్కరణకు గురైతే దాన్ని జడ్జి ముందు పెట్టే దారి లేదు, జడ్జి విచారణ లేకుండానే మిమ్మల్ని పంపివేసే ఉత్తర్వు ఇవ్వవచ్చు.

న్యూజెర్సీకి వర్తించే మూడో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2010లో బ్రాడ్లీ కేసులో ఇదే చెప్పింది. గడువు దాటి ఏళ్ల తరబడి ఉండిపోయి, అమెరికా పౌరురాలిని పెళ్లాడిన న్యూజిలాండ్ పౌరుడి కేసది. పెళ్లిని కారణంగా చూపి పంపివేతను ఎదిరించే హక్కును అతడు దేశంలోకి వచ్చేటప్పుడే వదులుకున్నాడని కోర్టు తీర్పు చెప్పింది. ఇతర సర్క్యూట్లలోనూ ఇటువంటి తీర్పులు వచ్చాయి. వాటిని చూసి కొన్ని కార్యాలయాలు ఇటువంటి దరఖాస్తులను పరిశీలించడానికే వెనుకాడిన కాలం ఒకటి ఉంది. 2013 నవంబరులో ఈ దరఖాస్తులను పరిశీలించే అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ (యూఎస్‌సీఐఎస్) ఒక విధాన పత్రం విడుదల చేసి, పంపివేత ఉత్తర్వు లేని తక్షణ బంధువుల దరఖాస్తులను, గడువు దాటాక వేసినవైనా సరే, యోగ్యతను బట్టి పరిశీలించాలని తన అధికారులకు స్పష్టం చేసింది. మీలాంటివారు ఇన్నేళ్లుగా గ్రీన్‌కార్డులు పొందుతున్నది ఆ దారిలోనే.

ఇటీవలి వాతావరణం గురించి కూడా చెప్పకుండా దాచడం సరికాదు. కుటుంబ సభ్యుల కోసం పిటిషన్ దాఖలు చేయడం గానీ, అది మంజూరు కావడం గానీ పంపివేత నుంచి రక్షణ ఇవ్వదని 2025 ఆగస్టులో యూఎస్‌సీఐఎస్ తన విధానంలో గుర్తుచేసింది. అదే ఏడాది నవంబరులో శాన్ డియేగోలో, గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకు వచ్చిన అమెరికా పౌరుల జీవిత భాగస్వాములు కొందరిని, గడువు దాటి ఉన్నారన్న కారణంతో అక్కడికక్కడే అదుపులోకి తీసుకున్నారని వార్తలు వచ్చాయి. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు. జడ్జి విచారణ హక్కు వదులుకుని వచ్చిన మనిషి న్యాయవాది లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లకూడదని, ఆ న్యాయవాది ఫోన్ నంబరు మీ భర్తకు నోటికి వచ్చి ఉండాలని చెప్పడానికే రాస్తున్నాను. తెలిసినవారి కన్సల్టెన్సీలో ఫారాలు నింపించుకోవడం మనవారికి అలవాటు. వలస చట్టంపై సలహా ఇచ్చే అధికారం లైసెన్సు ఉన్న న్యాయవాదులకు, న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులకు మాత్రమే ఉంది. మీ విషయంలో ఒక్క తప్పు జరిగినా సరిదిద్దుకోవడానికి కోర్టు ఉండదు కనుక అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

దరఖాస్తు ఎలా వేయాలో చూద్దాం. మీరు తన భార్య అని చూపుతూ మీ భర్త వేసే ఐ-130 పిటిషన్‌ను, మీరు వేసే ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తును ఒకే కవరులో కలిపి పంపండి. ముందు ఐ-130 మంజూరు కానివ్వండి, తర్వాత చూద్దామని ఎవరైనా అంటే వినవద్దు. ఐ-130 ఒక్కటే పెడితే మీ అక్రమ నివాసం లెక్క ఆగదు, పని చేసుకునే అనుమతి రాదు, మీ చిరునామా మాత్రం ప్రభుత్వం దగ్గర ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న పట్టిక ప్రకారం కాగితంపై వేసే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440 డాలర్లు, దానితోపాటు అడిగే పని అనుమతికి 260 డాలర్లు, మొత్తం 2,375 డాలర్లు అవుతాయి. పంపే ముందు రుసుముల పట్టికను ఒకసారి మళ్లీ సరిచూసుకోండి. 2025 అక్టోబరు చివరి నుంచి చెక్కులు తీసుకోవడం మానేశారు కనుక కార్డు ద్వారా గానీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా గానీ చెల్లించే ఫారం జతచేయాలి. వైద్య పరీక్ష ఫారం ఐ-693ను ఇంటర్వ్యూ నాటికి ఇస్తే సరిపోతుందన్నది పాత మాట; 2024 డిసెంబరు 2 నుంచి దాన్ని ఐ-485తోపాటే పంపాలి. యూఎస్‌సీఐఎస్ గుర్తింపు పొందిన వైద్యుడు (సివిల్ సర్జన్) అంటించి ఇచ్చిన కవరును మీరు విప్పకూడదు.

మీ దరఖాస్తుకు పునాది రెండు అక్షరాలు. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైటులో మీ పాస్‌పోర్టు నంబరు కొట్టి ఐ-94 అనే మీ ప్రవేశ రికార్డు తెరవండి. అందులో ప్రవేశ తరగతి అన్న చోట డబ్ల్యూటీ అని, పక్కనే మీరు ఉండదగిన ఆఖరు తేదీ కనిపిస్తాయి. డబ్ల్యూటీ అంటే వీసా మినహాయింపుపై వచ్చిన పర్యాటకురాలని అర్థం. మీరు అధికారి తనిఖీ తర్వాత చట్టబద్ధంగా లోపలికి వచ్చారనడానికి సాక్ష్యం ఆ పుటే. దాన్ని ముద్రించి, పాస్‌పోర్టులో ముద్ర పడి ఉంటే ఆ పేజీ నకలుతోపాటు జతచేయండి. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఒక్కో అక్షరం చూసుకోండి.

గడువు దాటారా, అనుమతి లేకుండా పనిచేశారా అని ఐ-485లో నేరుగా అడుగుతారు. రెండింటికీ అవును అనే జవాబు ఇవ్వాలి. స్వీట్ల దుకాణంలో చేసిన పని మీ అర్హతను పోగొట్టదు. దాన్ని దాచిపెట్టడం మాత్రం మోసపూరితమైన సమాచారం కిందికి వచ్చి శాశ్వత నిషేధం దాకా వెళ్లవచ్చు. ఆ దుకాణంలో చేరేటప్పుడు, పనిచేసే అర్హత ఉందని చూపే ఐ-9 అనే ఫారంపై మీచేత సంతకం పెట్టించారేమో బాగా గుర్తుచేసుకోండి. అందులో అమెరికా పౌరురాలినన్న గడిలో టిక్కు పడి ఉంటే దరఖాస్తు పంపకుండా ఆగి, ముందు న్యాయవాదిని కలవండి. పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పడానికి గ్రీన్‌కార్డు దరఖాస్తుల్లో మన్నింపు దాదాపు లేనట్టే. చేతికి డబ్బు తీసుకుని చేసిన పనిలో సాధారణంగా ఆ ఫారం ఉండదు, అయినా అనుమానం ఉంచుకోవద్దు.

దేశంలోకి వచ్చేటప్పుడే ఇక్కడ ఉండిపోవాలన్న ఉద్దేశం ఉందా అన్న ప్రశ్న ఎస్టా కేసుల్లో తప్పక వస్తుంది. మీ కథ మీకు అనుకూలంగా ఉంది. మీరు వచ్చిన 11 నెలలకు పెళ్లి జరిగింది, భర్తతో పరిచయం కూడా ఇక్కడికి వచ్చాకే అయింది. ఉండిపోవడానికి కారణమైన బిడ్డ ఆస్పత్రి రికార్డులను మీ అక్క అనుమతితో జతచేయండి. తిరుగు టికెట్టు రద్దు చేసుకున్న ఈమెయిలు ఉంటే అదీ పెట్టండి. మంజూరు చేయడం చివరికి అధికారి విచక్షణ మీదే ఆధారపడుతుంది కనుక, గడువు ఎందుకు దాటిందో చెప్పే ఒక పేజీ వాంగ్మూలం, తేదీలతో, సాకులు లేకుండా రాసి ఇవ్వడం మంచిది.

పెళ్లి నిజమైనదేనని చూపించే సాక్ష్యాల దగ్గర మనవారు ఎక్కువగా తడబడతారు. ఆలయంలో పురోహితుడు ఇచ్చిన పత్రం సరిపోదు. న్యూజెర్సీలో పెళ్లికి ముందు స్థానిక రిజిస్ట్రారు దగ్గర లైసెన్సుకు దరఖాస్తు చేసి 72 గంటలు ఆగాలి, పెళ్లి అయ్యాక నమోదైన ధ్రువీకృత వివాహ పత్రం తీసుకోవాలి. పంపవలసింది ఆ పత్రం నకలు. మీరు అత్తమామల ఇంట్లో ఉంటున్నట్టయితే అద్దె ఒప్పందం మీ పేర్లతో ఉండదు. అటువంటప్పుడు ఇంటి యజమానులుగా వారు ఇచ్చే నోటరీ చేసిన లేఖ, ఇద్దరి పేర్లపై ఒకే చిరునామాకు వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీ పేరు చేర్చిన ఆరోగ్య బీమా, వీలైతే ఉమ్మడిగా వేసిన పన్ను రిటర్ను పెట్టాలి. తలంబ్రాలు, అప్పగింతల ఫొటోలు పది చాలు. కాలక్రమంలో అక్కడక్కడా తీసినవి, రెండు వైపుల పెద్దలు కనిపించేవి ఎంచుకుని, ప్రతి దాని వెనుక ఎవరెవరో, ఎక్కడో, ఎప్పుడో రాయండి.

తెనాలిలో తీసుకున్న మీ జనన పత్రం ఒకసారి తీసి చూడండి. మన మునిసిపాలిటీల్లో పుట్టినప్పుడు నమోదు చేయించిన పాత పత్రాల్లో చాలావాటిలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, తల్లిదండ్రుల పేర్లు, తేదీ మాత్రమే ఉంటాయి. అలా ఉంటే పేరు చేర్పించిన కొత్త ప్రతిని అక్కడి బంధువుల ద్వారా తెప్పించుకోండి. నమోదే లేకపోతే దొరకలేదన్న ధ్రువీకరణతోపాటు బడి రికార్డులు, మీ పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు పెట్టవచ్చు. పత్రం తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువాదం పూర్తిగా, సరిగా ఉందనీ తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకులు సంతకం చేయాలి. చట్టం ఎవరని చెప్పకపోయినా, మీరూ మీ భర్తా ఆ సంతకం పెట్టకుండా మరొకరి చేత చేయించడం మేలు. ఇంటిపేరు బ్రిటిష్ పాస్‌పోర్టులో చివర, జనన పత్రంలో ముందు ఉంటే, రెండూ ఒకరివేనని ఒక వాక్యం రాసి పెట్టండి.

మీ భర్త ఐ-864 అనే పోషణ హామీ పత్రం ఇవ్వాలి. ఇద్దరు సభ్యుల కుటుంబానికి 2025 మార్గదర్శకాల ప్రకారం ఏడాదికి కనీసం 26,437 డాలర్ల ఆదాయం చూపాల్సి ఉండేది. ఈ అంకె ఏటా మారుతుంది. ఆదాయం చాలకపోతే మామగారు ఉమ్మడి హామీదారుగా సంతకం చేయవచ్చు. మీ పెళ్లికి రెండేళ్లు నిండకముందే మంజూరైతే రెండేళ్ల షరతులతో కూడిన కార్డు వస్తుంది. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లోపు ఆ షరతులు తొలగించమని కోరే ఐ-751ను ఇద్దరూ కలిసి వేయాలి. ఆ తేదీని ఇప్పుడే ఇంటి క్యాలెండరులో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: నాది సింగపూర్ పాస్‌పోర్టు. డల్లాస్‌లో ఉన్న మా వారికి గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లయింది, పౌరసత్వం ఇంకా రాలేదు. ఎస్టాపై వచ్చి గడువు దాటి 70 రోజులైంది. పైన చెప్పిన విధంగా నేనూ ఇక్కడి నుంచి దరఖాస్తు చేయవచ్చా?

జవాబు: వీల్లేదు. మీ ఇద్దరి మధ్య ఉన్నది అంతే నిజమైన పెళ్లి అయినా చట్టం దృష్టిలో మీరు తక్షణ బంధువు కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారి భార్య ఎఫ్2ఏ అనే వర్గంలోకి వస్తారు, మినహాయింపు పథకం కింద వచ్చినవారికి ఆ వర్గంలో ఇక్కడి నుంచే మారే దారి లేదు. మీ భర్త పౌరుడయ్యేదాకా ఇక్కడే ఆగుదామని ఆలోచిస్తున్నట్టు మీ ఉత్తరం చదివితే అనిపించింది. గ్రీన్‌కార్డు వచ్చిన అయిదేళ్లకు గానీ ఆయనకు పౌరసత్వ అర్హత రాదు, ఆ ఏళ్లన్నీ జడ్జి విచారణ హక్కు లేకుండా గడపాలి. అలా చేయవద్దని నా సలహా.

మీకు ఇంకా 110 రోజులు మిగిలి ఉన్నాయి. అక్రమ నివాసం 180 రోజులు దాటకముందే వెళ్లిపోతే 3 ఏళ్ల నిషేధం పడదు. ఐ-94లోని ఆఖరు తేదీ మరునాటి నుంచి వేళ్లు మడిచి లెక్కపెట్టి, ఆఖరు వారం దాకా ఆగకుండా టికెట్టు తీసుకోండి. బోర్డింగ్ పాసు, సింగపూర్‌లో పడిన ప్రవేశ రికార్డు భద్రంగా దాచుకోండి, తర్వాత అడిగినప్పుడు మీరు ఏ రోజు వెళ్లారో చూపించగలిగేది అవే. మీ భర్త ఈలోగానే ఐ-130 వేయవచ్చు, మీ వీసా ఇంటర్వ్యూ సింగపూర్‌లోని రాయబార కార్యాలయంలో జరుగుతుంది. ఆయన మధ్యలో పౌరుడైతే ఆ పిటిషనే తక్షణ బంధువు వర్గంలోకి మారుతుంది, కొత్తది వేయనక్కర్లేదు. ఒక్క రోజు గడువు దాటినా ఇక ఎస్టాపై రానివ్వరు కనుక, మధ్యలో ఆయన్ని చూడటానికి రావాలంటే సందర్శక వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. భర్త ఇక్కడే ఉన్నాడన్న కారణంతో అది రావడం కష్టం. ఆయనే సింగపూర్ వచ్చి వెళ్లేలా సెలవులు సర్దుకోండి.

ప్రశ్న: మా అమ్మానాన్నలు ఆస్ట్రేలియా పౌరులు. ఎస్టాపై నా దగ్గరికి బఫెలో వచ్చారు. మరో పది రోజుల్లో 90 రోజులు పూర్తవుతాయనగా నాన్నకు గుండెపోటు వచ్చి ఆపరేషన్ జరిగింది. నయాగరా దాటి కెనడా వెళ్లి వస్తే మళ్లీ 90 రోజులు వస్తాయని మిత్రులు చెబుతున్నారు. నాకు 34 ఏళ్లు, అమెరికా పౌరురాలిని.

జవాబు: నాన్నగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. నయాగరా సలహా పాటించవద్దు. కెనడా, మెక్సికో, సమీప ద్వీపాలకు వెళ్లి వచ్చిన రోజులు కూడా మొదటి 90 రోజుల్లోనే కలిసిపోతాయి. పైగా ఆపరేషనైన మనిషిని వంతెన మీద అధికారి ప్రశ్నల ముందు నిలబెట్టవలసి వస్తుంది.

ఈ పథకంలో గడువు పొడిగింపు ఉండదు. అయితే ఇటువంటి అత్యవసర పరిస్థితుల్లో, గడువు ముగియకముందే అడిగితే, యూఎస్‌సీఐఎస్ 30 రోజుల దాకా సంతృప్తికర నిష్క్రమణ అనే వెసులుబాటు ఇవ్వవచ్చు. ఆ రోజుల్లోపు వెళ్తే గడువు దాటినట్టు లెక్కకు రాదు. ఆస్పత్రి నుంచి, విమాన ప్రయాణానికి ఎప్పటికి తగినవారో చెప్పే వైద్యుడి లేఖ ఈ రోజే అడిగి తీసుకుని, రేపే యూఎస్‌సీఐఎస్ కాల్ సెంటరుకు ఫోన్ చేయండి. అమ్మగారికి కూడా విడిగా అడగాలి. మీరు 21 ఏళ్లు దాటిన పౌరురాలు కనుక మీ తల్లిదండ్రులిద్దరూ తక్షణ బంధువులే. వారు ఇక్కడే స్థిరపడాలనుకుంటే దరఖాస్తు దారి ఉంది. కానీ ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని అంత పెద్ద నిర్ణయం తీసుకోవద్దు, మెల్‌బోర్న్‌లో ఉన్న ఇల్లూ, పింఛనూ, వైద్య సదుపాయమూ వదులుకోవడానికి వారు నిజంగా సిద్ధమో లేదో ముందు వారినే అడగండి.

ప్రశ్న: నేను కరీంనగర్ నుంచి భారత పాస్‌పోర్టుతో, బీ-2 వీసాపై వచ్చి గడువు దాటాను. అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకున్నాను. నాకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి భారత్ ఇచ్చే కార్డు) గల బంధువులు ఉన్నారు, వారు చెప్పిన ఎస్టా నియమాలు నాకూ వర్తిస్తాయా?

జవాబు: మీరు వీసాపై వచ్చారు కనుక హక్కులు వదులుకున్న టిక్కు మీ విషయంలో లేదు. అవసరమైతే ఇమ్మిగ్రేషన్ జడ్జి ఎదుట మీ వాదన వినిపించుకునే హక్కు మీకుంది. ఓసీఐ కార్డుకు దీనితో ఏ సంబంధమూ లేదు, మీరు ఏ పాస్‌పోర్టుపై, ఏ తరగతిలో ప్రవేశించారన్నదే చూస్తారు. ఐ-94లో బీ2 అని ఉందో లేదో చూసుకోండి. తక్షణ బంధువుగా ఇక్కడి నుంచి దరఖాస్తు చేయడం, రెండు ఫారాలు కలిపి పంపడం, నిజం దాచకపోవడం మీకూ వర్తిస్తాయి. 3 ఏళ్లు, 10 ఏళ్ల నిషేధం కూడా అచ్చంగా వర్తిస్తుంది. తమ్ముడి పెళ్లి ముహూర్తం వచ్చే నెలలో ఉందని రాశారు. గడువు దాటి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. ఆ లెక్క 180 దాటి ఉంటే, ఈసారికి ఆ పెళ్లిని వీడియోలోనే చూడాలి.